నూనె ఒలకకూడని ఇల్లు

కారుకి ఆయిలు ఎన్నాళ్ళకోసారి మార్చాలండీ అని ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. పెద్దాపురంలో కొత్తగా కారు కొన్న ప్రతివాడికీ నేనొక ఉచిత సలహాల దుకాణాన్ని. కారుతో ఇచ్చిన పుస్తకం వాళ్ళే చదువుకోవచ్చు కదా, చదవరు. నేను చెప్పేదల్లా ఇదే. ఇంజనులో ఆయిలు కొలిచే కమ్మీ, ఆ డిప్‌స్టిక్ పైకి లాగు. దాని కొసనున్న చుక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దు. నల్లగా ఉన్నంత మాత్రాన గాభరా పడకు, జారుతోందంటే ఇంకా పనికొస్తుంది. ఇసక పట్టుకున్నట్టు గరగరలాడిందా, ఆ రోజే తీసెయ్. బండి తిరిగినా తిరక్కపోయినా మూడు నెలలు దాటనివ్వకు. వానలు మొదలయ్యే ముందు మాత్రం తప్పకుండా మార్చు. "అంతేనాండీ" అని వాళ్ళు వెళ్ళిపోతారు. అంతే అయితే ఎంత బావుండును! ఈ మాటే మా అత్తవారింట్లో చెప్పినందుకు నాకు ఎడం చెవి పోయింది. ఇవాళ్టికీ ఇంజను శబ్దం వినాలంటే కుడి చెవి బానెట్ వైపు తిప్పి నిలబడతాను.

మా నాన్న పెద్దాపురంలో బాడుగ కారు నడిపేవాడు. పెళ్ళిళ్ళకీ, శివరాత్రికి పట్టిసీమ వెళ్ళే వాళ్ళని రేవు దాకా దింపడానికీ, మరిడమ్మ జాతరకి వచ్చే డబ్బున్నవాళ్ళకీ మా కారే దిక్కు. మగపిల్లలు లేరు. అందుకని కారు కిందకి దూరే పని నాకొచ్చింది. పరికిణీ ఎగ్గట్టి, గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా పడుకుంటే నాన్న పక్కన గొంతుకూర్చుని చెప్పేవాడు. "ఇంజను కాసేపు ఆడించి, వేడి మీదే తియ్యాలే అమ్మాయ్. చల్లారితే మురికంతా అడుగునే ఉండిపోద్ది." ఇంజను కింద ఆయిలు నిలవుండే తొట్టిని మెకానిక్కులు ఛాంబరు అంటారు. దాని అడుగున ఒక బోల్టు ఉంటుంది. పెద్ద పానాతో అది విప్పితే కాగిన నల్లటి ఆయిలు బుడబుడా దిగుతుంది. "తొందరపడకు, చివరి బొట్టు దాకా ఆగు" అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు. ఏళ్ళ తరబడి ఆయిలు మార్చని బండికి మొదటిసారి పోసిన కొత్త ఆయిలు లోపల కడగడానికే సరిపోతుందట. కొన్నాళ్ళకి దాన్నీ తీసేసి మళ్ళీ పోస్తేనే అది మార్చినట్టట. మా అమ్మ మాత్రం గడప దగ్గర నిలబడి, "ఆడపిల్ల మొహాన మసి పూస్తున్నావు, రేపు దీన్నెవడు చేసుకుంటాడయ్యా" అని నాన్నని సాధించేది.

చేసుకున్నారు. రాజమండ్రిలో నూనె వ్యాపారం చేసే కుటుంబం, మాకు దూరపు చుట్టరికం. పిల్ల ఎర్రగా ఉందని వాళ్ళే అడిగారు. అమ్మ పొంగిపోయింది, ఆ పొంగు మీదే మరుసటేడు కన్నుమూసింది. రాజమండ్రిలో వాళ్ళది ముందు కొట్టు, వెనక ఇల్లు. ఇంట్లోకి పోవాలన్నా, బయటికి రావాలన్నా కొట్టులోంచే దారి. ఆ దారిలో గల్లాపెట్టె పక్కన మా అత్తగారు పీట వేసుకుని కూర్చునేది. మామగారు అప్పటికే లేరు. మొగుడూ, అత్తా, నేనూ, మరి రెండేళ్ళకి మా అమ్మాయి.

ఆ ఇంట్లో నూనె నేల మీద ఒలకకూడదు. ఒక్క చుక్క ఒలికినా అత్తగారు పరుగెత్తుకొచ్చి పసుపూ కుంకుమా చల్లి లెంపలు వేసుకునేది. నూనె జాడీ అడుగు కనపడకూడదు. అడుగు కనపడేలోపే పాతదాని మీద కొత్తది పోసెయ్యాలి. దేవుడి దగ్గర దీపం కుందీ అంతే. శుక్రవారం నాడు పక్కింటివాళ్ళు చేబదులుకి వచ్చినా చుక్క నూనె గడప దాటేది కాదు. వ్యాపారం చేసుకునేవాళ్ళకి లక్ష్మీదేవి భయం ఉంటుంది, ఉండనీ. వాళ్ళ ఆచారం మీద నాకేం కోపం లేదు. కారు కొన్నాక ఆ ఆచారాన్ని కారుకి కూడా అంటగట్టారు చూడండి, అక్కడొచ్చింది చావు.

కడియంలో మొక్కల తోటలున్న ఒక రైతు దగ్గర పాత అంబాసిడర్ కొన్నారు. మా వీధిలో అదే మొదటి కారు. నా మొగుడు రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ లాగి, తువ్వాలుతో తుడిచి, మళ్ళీ ముంచి, వీధంతా చూస్తోందో లేదో చూసుకుని, తక్కువైన మేరకి డబ్బాలోంచి కొత్త ఆయిలు పోసేవాడు. పొయ్యడమే. తియ్యడమన్నది లేదు. ఆయిలు తీసి పారబోస్తే ఇంట్లో లక్ష్మిని తీసి పారబోసినట్టేనని అత్తగారి తీర్మానం. మెకానిక్కు ఒకసారి తీద్దామంటే అతన్ని గుమ్మంలోంచే తిప్పి పంపేశారు.

నేను ఊరుకోలేకపోయాను. "ఏవండీ, అడుగున మురికి పేరుకుపోద్దండీ. ఒకసారి మొత్తం దింపేసి పోయించండి, లేకపోతే ఇంజను పట్టేస్తుంది" అన్నాను. వీధిలో ఇద్దరు వర్తకులు వింటున్నారు. ఆయన బానెట్ దించి, నా చెంప మీద ఒక్కటిచ్చాడు. నా నుదురు పోయి బానెట్ అంచుకి తగిలింది. "బాడుగ కారు కూతురివి బాడుగ కారు కూతురిలా ఉండు" అన్నాడు. వర్తకులిద్దరూ నవ్వు మొహం పెట్టి నూనె ధరల గురించి మాట్లాడుకున్నారు.

ఆయన అని రాస్తున్నాను చూశారా, అలవాటు అలాంటిది. ఇంకాస్త దూరం వరకూ అలాగే రాస్తాను, తరవాత నా వల్ల కాదు.

దెబ్బలు ఆ ఇంట్లో కొత్త కాదు. చారులో ఉప్పు తక్కువైతే దెబ్బ. తలుపు తియ్యడం ఆలస్యమైతే దెబ్బ. నేనూ నోరు మూసుకుని పడే రకాన్ని కాదు. ఒకసారి వేడి అట్లకాడ విసిరాను, ఆయన భుజం మీద బొబ్బెక్కింది. దానికి నన్ను జుట్టు పట్టుకుని నూతి గట్టు దాకా ఈడ్చాడు. నేను తిన్నది నాది. కానీ ఒకరోజు, అప్పుడే తుడిచిన కారు అద్దం మీద పిల్ల తడి చేతులు ఆనించి నవ్విందని దాని చెంప మీద కొట్టాడు. నాలుగేళ్ళ పిల్ల. అయిదు వేళ్ళూ అంటుకున్నాయి. ఏడవలేదు అది, నాకేసి చూసింది. దీన్ని ఇక్కడ పెంచకూడదు, తీసుకుపోవాలి, అంతే అనుకున్నాను.

ఎలా తీసుకుపోవాలి? అంతకుముందొకసారి పిల్లని చంకనేసుకుని బస్టాండు దాకా వెళ్ళాను. కొట్లో మనుషులు వెనకే వచ్చారు. పెద్దాపురం బస్సు మెట్టు మీద నా కాలుండగా ఆయనొచ్చి జడ పట్టుకుని కిందకి గుంజాడు. బస్సులో జనమంతా మెడలు సాచి చూశారు, ఒక్కడూ దిగలేదు. బస్సులో వెళ్తే పట్టుకుంటారు. కారులో వెళ్తే వెంటపడ్డానికి వాళ్ళకి ఇంకో కారు లేదు. డ్రైవింగు నాకు వచ్చు, నాన్న నేర్పాడు. చిక్కల్లా ఇంజను. అప్పటికే అది లోపల టకటకలాడుతోంది, వాళ్ళకి వినపడకపోయినా నాకు వినపడుతోంది. దారిలో పట్టేసిందంటే నడిరోడ్డు మీద దొరికిపోతాం. కాబట్టి ఆయిలు మారాలి. ఆ బండి మమ్మల్నిద్దర్నీ పెద్దాపురం చేర్చాలి.

మొత్తం ఒక్కసారి తీస్తే మర్నాడు డిప్‌స్టిక్ మీద తేనెరంగు ఆయిలు కనపడుతుంది, నా ప్రాణం పోతుంది. అందుకని ఆయన గోదాముకి వెళ్ళొచ్చి, బండి వీధిలో పెట్టి, కొట్లో కూర్చున్నాక, కారు తుడిచే నెపంతో కిందకి దూరి, బోల్టు వదులు చేసి చెంబెడు దింపేదాన్ని. మర్నాడు ఆయనే తక్కువైందని కొత్తది పోసేవాడు. ఇలా కొన్ని వారాలు చేశాను. లోపలి మడ్డి కొంచెమైనా పల్చబడుతుందని నా ఆశ. తీసిన నల్ల ఆయిలు పాత డబ్బాలో పోసి, మా బండి కడిగే ముసలాయనకి ఇచ్చేదాన్ని. ఆయన దాన్ని తన ఎడ్లబండి ఇరుసులకి పూసుకునేవాడు. "చల్లగా ఉండు తల్లీ, కందెన కొనే పని తప్పింది" అనేవాడు.

అక్కడే కొంప మునిగింది. ఇంత ఆయిలు ఎలా తాగుతోందీ బండి అని నా మొగుడికి అనుమానం వచ్చింది. ఓ మధ్యాహ్నం, నూతి నీళ్ళకని పెరట్లోకొచ్చిన ముసలాయన చేతిలో ఆ డబ్బా చూశాడు. "దొంగ వెధవా, నా ఇంటి నూనె తోడుకుపోతున్నావా!" అంటూ ఆ డబ్బాతోనే తల మీద కొట్టాడు. రేకు అంచు తగిలి నుదురు చీలింది. ముసలాయన చేతులు జోడించి నేల మీద కూలబడ్డాడు. నా పేరు చెప్పలేదు. పక్కటెముకల మీద తన్నులు పడ్డాయి, అప్పటికీ చెప్పలేదు. రక్తం కళ్ళలోకి కారుతోంది, చేతులు మాత్రం జోడించే ఉన్నాయి.

వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను. "ఆయన్నొదలండి! ఆయిలు తీసింది నేను!"

ఆయన ఆగాడు. నాకేసి తిరిగాడు. "ఏంటీ?" అన్నాడు చాలా నెమ్మదిగా.

"నేనే తీశాను. ఇంజను చచ్చిపోతోందని తీశాను."

"లక్ష్మిని దొడ్డిదారిన పంపేస్తోందిరా ఇది!" అని అత్తగారు గుండెలు బాదుకుంది. ఆయన అరచెయ్యి నా ఎడం చెవి మీద పడింది. ముందు తెల్లటి వెలుగు, తరవాత సన్నగా ఈల, ఆ తరవాత ఏమీ లేదు. మెడ మీద వెచ్చగా కారింది. గోడకి మేకు మీద కారు తాలూకు పాత ఫ్యాను బెల్టు వేలాడుతూ ఉండేది. అది తీశాడు. ఎన్ని దెబ్బలో నేను లెక్క పెట్టలేదు, లెక్క పెట్టే ఓపిక ఎవరికుంటుంది? రబ్బరు తెగి లోపలి నూలు పోగులు బయటికొచ్చేదాకా కొట్టాడు. నేను తులసికోట పట్టుకుని ఉన్నాను. పిల్ల తలుపు వెనకాల నిలబడి రెండు చెవులూ మూసుకుంది.

ఆ వారమంతా బోర్లా పడుకున్నాను. ఆయిలు మార్చాలంటే వీపు మీద పడుకోవాలి. వీపు నేలకి ఆననిచ్చేదాకా ఆగాను. పల్చబరచడాలూ, చెంబుతో తోడడాలూ ఇంక అనవసరం అనిపించింది. దింపితే మొత్తం దింపుతాను, పగలే దింపుతాను, అదే పూట వెళ్ళిపోతాను. ఒళ్ళంతా పుండులా ఉన్నా మనసు తేలికపడింది.

శుక్రవారం పొద్దున్నే ఆయన గోదాము దాకా కారులో వెళ్ళొచ్చి, తాళాలు లోపల దేవుడి గూట్లో పెట్టి, కొట్లో లక్ష్మీపూజకి కూర్చున్నాడు. ఇంజను వేడిగా ఉంది. పూజ ముహూర్తాన అత్తగారి పీట కూడా గల్లాపెట్టె దగ్గర్నించి దేవుడి ముందుకి జరిగింది, ఇద్దరి వీపులూ దారి వైపే ఉన్నాయి. నేను తాళాలు నడుముకి దోపుకుని, పిల్లని వీధి అరుగు మీద కూర్చోబెట్టి, కదలొద్దన్నాను. గోనెపట్టా, పెద్ద పానా, కొత్త ఆయిలు డబ్బాలు బయట పెట్టుకున్నాను. పట్టడానికి వేరే గిన్నె ఎందుకని, అత్తగారు బూరెలు వేయించుకునే పెద్ద మూకుడు తీసుకెళ్ళాను. తప్పో ఒప్పో, ఆ మూకుడు తీసుకోవడం మాత్రం నాకు మహా సరదాగా అనిపించింది.

కారు కిందకి దూరి వెల్లకిలా పడుకుంటే వీపు మీద కట్టిన పొక్కులన్నీ చిట్లాయి. పళ్ళు కరుచుకుని బోల్టు విప్పాను. ఆయిలు కాదది, బెల్లప్పాకం. దిగనని మొరాయించి, ముద్దలు ముద్దలుగా జారింది. హారతి గంట ఆగింది. అత్తగారు కొబ్బరిచిప్ప పంచడానికి వీధిలోకొచ్చి మూకుడు చూసింది.

"ఓరి నాయనోయ్! శుక్రవారం పూట నూనె పారబోస్తోందిరోయ్! కొంప కూల్చేస్తోందిరోయ్!"

వీధి వీధంతా మూగింది. నాకు చెప్పుల్లేని కాళ్ళు కనపడ్డాయి, అన్నిటి మధ్యా ఆయన పంచె అంచు కనపడింది. నా రెండు చీలమండలూ పట్టుకుని ఒక్క ఊపున బయటికి లాగాడు. గోనెపట్టాతో, దాని మీది మూకుడుతో సహా వచ్చాను, వీపు కింద కంకర గీసుకుంది. పైన ఎండ, ఎండకి అడ్డంగా ఆయన, చేతిలో తెగిన బెల్టు. నా చేతిలో పానా ఇంకా ఉంది. బెల్టు లేచింది. నేను పడుకున్నచోటి నుంచే, నాకున్న బలమంతా పెట్టి, ఆ మణికట్టు మీద కొట్టాను.

ఎండుకొమ్మ విరిగిన చప్పుడైంది. ఆ చప్పుడు నాకు ఒక్క చెవిలోనే వినపడింది, అయినా చాలింది. వాడు, ఇక్కణ్ణించి వాడే, కేక పెట్టి పక్కకి తూలి, మూకుడులో కాలు పెట్టి, ఆ నల్లటి మడ్డిలో వెల్లకిలా పడ్డాడు. తెల్లటి పట్టుపంచె, పూజ బొట్టు, అన్నీ అందులోనే. లేవబోయి జారి మళ్ళీ పడ్డాడు. మోకాలి మీద ఇంకొకటి ఇచ్చాను. సిగ్గేం పడను, ఇచ్చినందుకు ఈ రోజుకీ ఆనందమే.

అప్పుడు వెళ్ళిపోవచ్చు కదా అంటారు. ఎలా వెళ్తాను? బోల్టు విప్పి ఉంది. ఛాంబరులోంచి ఇంకా కారుతోంది. చివరి బొట్టు దాకా ఆగాలి. వాడు కింద పడి మూలుగుతున్నాడు, అత్తగారు పసుపు డబ్బా తెచ్చి వీధిలో పారిన ఆయిలు మీద గుప్పిళ్ళతో చల్లుతూ ఏడుస్తోంది, నేను పానా పట్టుకుని నా మొగుడికీ కారుకీ మధ్య నిలబడి బొట్లు చూస్తున్నాను. ధార సన్నబడింది. చుక్కలైంది. చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం పెరిగింది. జనంలో ఒక్కడు ముందుకి అడుగు వెయ్యబోయాడు. "రా, రా. నీ మణికట్టు కూడా చూద్దాం" అన్నాను. వాడు జనంలోకి తిరిగి వెళ్ళిపోయాడు.

బోల్టు బిగించాను. కొత్త ఆయిలు పోశాను. అత్తగారు అప్పుడు తేరుకుని అరుగు మీది పిల్ల చెయ్యి పట్టుకుంది. నేను పానా ఎత్తి చూపించాను. ఆవిడ చెయ్యి వదిలేసింది. పిల్లని ముందు సీట్లో వేసుకుని తాళం తిప్పాను. లైసెన్సా? నాకు లైసెన్సెక్కడిది! కడియం మీదుగా కాలవగట్టు రోడ్డు పట్టాను. అక్కడ మొక్కల లారీ ఒకటి దారికి అడ్డంగా నిలబడి ఉంటే, దాని డ్రైవరు చెవులు చిల్లులుపడేలా హారను కొట్టాను. నా మొహం చూసి లారీని పక్కకి తీశాడు. అద్దం కింద ఆయిలు తాలూకు ఎర్రలైటు మినుకుమన్నప్పుడల్లా కుడి చెవి ముందుకి వంచి ఇంజను చప్పుడు వినేదాన్ని. అనపర్తి దాటాక టకటక కాస్త తగ్గింది. "నాన్న పడిపోయాడమ్మా" అంది పిల్ల. "అవును, పడిపోయాడు" అన్నాను. సామర్లకోట వచ్చేసరికి అది నా ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది.

నాన్న నా చెవి చూసి, వీపు చూసి, గోడకి తల కొట్టుకుని ఏడ్చాడు. నన్నింక ఎవరూ పంపరనుకున్నాను. ఏడుపు ఏడుపే, ఊళ్ళో మాటలు ఊళ్ళో మాటలే. నెల తిరిగేసరికి నాన్న నసగడం మొదలెట్టాడు. "నా కారు ఎప్పుడో అమ్మేశాను. నేనెన్నాళ్ళుంటానే అమ్మాయ్? ఆడపిల్లతో ఒక్కదానివీ ఎలా బతుకుతావు? కాస్త వేడి తగ్గాక వెళ్దువుగానిలే." నా ఒళ్ళు మండిపోయింది. వాడితో కొట్టించుకున్న దెబ్బలన్నీ ఒక ఎత్తు, నాన్న నోట ఆ మాట ఒక ఎత్తు. పోనని అరిచాను, కంచం విసిరేశాను. నాన్న తలొంచుకుని మెతుకులు ఏరాడు. ఆయన పంపేస్తే పిల్లతో సహా మళ్ళీ ఆ పెరట్లోకే, ఆ మేకు కిందకే పోవాలి. నాన్న ఇల్లు తప్ప నాకు వేరే చూరు లేదు.

ఆషాఢంలో మరిడమ్మ జాతర మొదలైంది. జాతర చూసే మిషతో ఫలానా రోజున వస్తున్నామని కబురొచ్చింది. నా మొగుడూ, వాడి మేనమామా. ఆ మేనమామ వాళ్ళ కుటుంబంలో పెద్దమనిషి, ఆయన చెప్పిందే తీర్పు. "తెచ్చిన బండిని తిన్నగా అప్పజెప్పాలి. నీ సంగతి ఆయనేం చెబితే అది చేద్దాం" అన్నాడు నాన్న. ఆ రోజు పొద్దున్నే డిప్‌స్టిక్ లాగి చూశాను. నేను పోసిన కొత్త ఆయిలు కాటుకలా ఉంది, వేళ్ళ మధ్య గరగరలాడుతోంది. కడగడానికే సరిపోయిందన్నమాట. ఎవడి బండైతేనేం, మమ్మల్ని మోసుకొచ్చింది కదా, శుభ్రంగా పంపుదామనుకున్నాను. కాసేపు ఆడించి, మొత్తం దింపి, బోల్టు బిగించాను. ఇంట్లో కొత్త ఆయిలు లేదు. నాన్న డబ్బా తేవడానికి జాతర జనంలో పడి పెట్రోలు బంకుకి వెళ్ళాడు.

ఆయన వచ్చేలోపే వాళ్ళొచ్చేశారు. మేనమామగారు అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, "అమ్మాయ్, ఆలుమగలన్నాక సవాలక్ష ఉంటాయి. వాడికీ చెయ్యి విరిగింది కదా, చెల్లుకి చెల్లు. బట్టలు సర్దుకో" అన్నారు.

"రానండి, బాబాయిగారూ."

"నువ్వు రానంటే అయిపోద్దా? మీ నాన్నగారిని రానీ, ఆయనే పంపుతారు."

నా మొగుడు కూర్చోలేదు. కట్టు విప్పిన మణికట్టు రుద్దుకుంటూ ఇంట్లోకి దూరి, మేకుకున్న తాళాలు తీసుకున్నాడు. బయటికొస్తూ పిల్లని జబ్బ పట్టుకుని లేపి కారు వెనక సీట్లోకి విసిరాడు. "పిల్లెక్కడుంటే అదీ అక్కడికే వస్తది" అన్నాడు. నేను అవతలి తలుపు తీసి పిల్ల కాళ్ళు పట్టుకున్నాను, వాడు చేతులు పట్టుకున్నాడు. పిల్ల కెవ్వుమని, విరిగి అతుక్కున్న ఆ మణికట్టు మీద పళ్ళు దిగేలా కొరికింది. వాడు వదిలేసి, దాన్ని కొట్టడానికి చెయ్యెత్తాడు. ఈలోగా దాన్ని నేను లాగేసుకున్నాను. మేనమామగారు లేచి, "ఒరేయ్, వీధిలో ఏంట్రా ఇది! ముందు బండెక్కు, తరవాత చూద్దాం" అని వాణ్ణి స్టీరింగు వైపు తోసి, తను పక్కన ఎక్కారు.

వాడు తాళం తిప్పాడు. నాకు ఒక్క క్షణం, పోనీ, పోయి చావనీ అనిపించింది. అయినా పిల్లని అరుగెక్కించి, బానెట్ మీద రెండు చేతులూ వేసి అడ్డంగా నిలబడ్డాను. "ఆగండి! ఆయిలు తీసేశాను. ఛాంబరులో చుక్క లేదు. నాన్న తేవడానికి వెళ్ళాడు, పోసుకుని వెళ్ళండి!"

"నోర్ముయ్యవే! నువ్వా నాకు చెప్పేది?"

"బాబాయిగారూ, మీరైనా చెప్పండి. ఆయిలు లేకుండా నడిపితే ఇంజను పేలిపోద్ది!"

"ఏంట్రా, ఆయిలంటోంది?" అన్నారాయన.

"దాని మాటలకేంటి మావయ్యా, బండి ఇవ్వకుండా ఉండటానికి నాటకం" అని వాడు బండి నా మీదకే ఉరికించాడు. బంపరు మోకాలికి తగిలి నేను పక్కకి పడ్డాను. కారు డప్పుల మోత మధ్యలోంచి జనాన్ని చీల్చుకుంటూ సామర్లకోట రోడ్డు వైపు పోయింది. మోకాలు పట్టుకుని, పిల్లని పట్టుకుని, మట్టిలో కూర్చుండిపోయాను.

నాన్న డబ్బా పట్టుకుని వచ్చి, నన్ను చూసి, రెక్క పట్టుకుని లేపాడు. జరిగింది చెప్పాను. నాన్న డబ్బా ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపటికి వీధి చివర మేనమామగారు కనపడ్డారు, నడిచి వస్తున్నారు. పంచె నిండా మసి మరకలు, మోచెయ్యి దోక్కుపోయి రక్తం. నీళ్ళిస్తే చెంబెత్తి గడగడా తాగారు.

"కాలవ వంతెన దాటలేదండి అన్నయ్యగారూ" అన్నారు నాన్నతో. "లోపల రోకలితో దంచినట్టు చప్పుడు. ఎర్రలైటు వెలుగుతానే ఉంది. ఆపరా అన్నాను. నన్ను కూడా నోర్ముయ్యమన్నాడండి. పెద్దవాణ్ణి, మేనమామని, భుజం పట్టుకుంటే మోచేత్తో గుద్దాడు. తుపాకీ పేలినట్టు పేలింది. లోపలి ఇనప కడ్డీ ఇంజను పక్కనించి పొడుచుకొచ్చేసింది. వాడక్కడే దిగి, ఆ బండిని కాలితో తంతా ఉన్నాడు." చెంబు కింద పెట్టి నాకేసి చూశారు, మళ్ళీ నాన్న వైపు తిరిగారు. "అమ్మాయి చెప్పింది. నేను విన్నాను. వాడికి రెండు చెవులూ ఉన్నాయి గానీ వినడండి. మీరు ఈ తల్లీపిల్లల్ని పంపకండి. మావాళ్ళకి నేను చెప్పుకుంటాను."

ఆయన జాతర జనంలో కలిసి వెళ్ళిపోయారు. నాన్న లేచి, ఆ ఆయిలు డబ్బాని లోపలికి తీసుకెళ్ళి, అమ్మ పసుపూ కుంకుమా పెట్టుకునే గూట్లో పెట్టాడు. పిల్ల చెయ్యి పట్టుకుని నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. నా కుడి వైపుకి వచ్చి నిలబడ్డాడు, వినపడాలని.

"ఆ ఆయిలు డబ్బా ఎవరికీ ఇవ్వకే అమ్మాయ్. మనమే ఏదో ఒక బండి కొందాం. అప్పుడు అందులో ఆ ఆయిలు నువ్వే పోద్దువుగాని."